కార్డు చేతిలో ఉంది, పేరు జాబితాలో ఉందా?

(ఓటరు సహాయ కేంద్రాల్లో కూర్చోబోయే జూనియర్ న్యాయవాదులకు, న్యాయ విద్యార్థులకు తిరుపతిలోని ఒక న్యాయవాదుల కార్యాలయం ఏర్పాటు చేసిన శిక్షణలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట కూడా ఇంతమంది వచ్చినందుకు సంతోషం.

ఎన్నికల చట్టం అనగానే కోర్టు ఆవరణలో అందరికీ గుర్తొచ్చేది ఎలక్షన్ పిటిషన్. గెలిచినాయన మీద ఓడినాయన హైకోర్టుకు పోతాడు, మర్నాడు పేపర్లో ఫొటో పడుతుంది. దాని గురించి చివర్లో చెబుతాను. కానీ మీరు కూర్చునే బల్ల దగ్గరికి వచ్చే మనిషికి ఆ పిటిషన్‌తో పని ఉండదు. ఆయన జేబులోంచి కార్డు తీసి, "కార్డుండాది సార్, పోయినసారి ఓటు కూడా వేసినా, ఇప్పుడు లిస్టులో పేరు లేదంటా ఉండారు" అంటాడు. ఆ మాట పోలింగ్ రోజు అంటే మన చేతిలో ఏమీ ఉండదు. మూణ్ణెల్ల ముందే అంటే ఒక్క ఫారంతో తీరిపోతుంది. అందుకే మా కార్యాలయం బల్ల వేసేది ఎన్నికల వేడి మొదలయ్యాక కాదు, ఎవరికీ ఎన్నికలు గుర్తులేని రోజుల్లో.

ఇంత పట్టింపు ఎందుకో చెప్పాలంటే రెండు తీర్పులు తెలియాలి. జ్యోతిబసు వర్సెస్ దేబీ ఘోషాల్, 1982. ఎన్నుకునే హక్కు, పోటీచేసే హక్కు, ఎన్నికను సవాలు చేసే హక్కు, ఇవేవీ ప్రాథమిక హక్కులూ కావు, కామన్ లా హక్కులూ కావు, చట్టం ఇచ్చినవి మాత్రమే అన్నది సుప్రీంకోర్టు. చట్టం ఇచ్చింది కాబట్టి చట్టం పెట్టిన గడువులోనే అడగాలి. రెండోది ఇంకా పాతది, పొన్నుస్వామి కేసు, 1952. నామక్కల్‌లో నామినేషన్ తిరస్కరించారని ఆయన మద్రాసు హైకోర్టుకు పోయాడు, అక్కణ్ణుంచి సుప్రీంకోర్టుకు. ఎన్నిక మొదలయ్యాక రాజ్యాంగంలోని 329(బి) అధికరణం అడ్డం వస్తుంది, ఏ అభ్యంతరమైనా ఫలితం వచ్చాక ఎలక్షన్ పిటిషన్‌లోనే చెప్పుకోవాలి అని తేల్చారు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం పుట్టలేదు, మన చిత్తూరు జిల్లా కూడా ఆ మద్రాసు హైకోర్టు కిందే ఉండేది. అంటే ఈ సూత్రం మన పక్క ఊరి కేసులో పుట్టిందే అనుకోవచ్చు. నోటిఫికేషన్ పడ్డాక రిట్ వేసి ఆపిద్దాం అని ఎవరైనా మీ దగ్గరికొస్తే ముందు ఈ తీర్పు చదవమనండి.

సరే, జాబితా దగ్గరికి వద్దాం.

ఇదివరకు ఏడాదికి ఒకటే అర్హత తేదీ, జనవరి 1. 2021లో చట్టం సవరించాక నాలుగయ్యాయి: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1. పదిహేడు నిండిన పిల్లలు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు, పద్దెనిమిది నిండాక వచ్చే త్రైమాసికంలో పేరు ఎక్కుతుంది. కాలేజీలకు వెళ్లినప్పుడు ఈ మాట తప్పకుండా చెప్పండి.

కొత్తవాళ్లకు ఫారం 6. ఇల్లు మారినా, పేరులో తప్పున్నా, కార్డు పోయినా ఫారం 8. ఇక్కడే జరిగే అతిపెద్ద పొరపాటు ఏమిటంటే, ఇల్లు మారినవాళ్లు కొత్త చోట మళ్లీ ఫారం 6 పెట్టడం. నా పేరు మరే జాబితాలోనూ లేదు అనే ప్రకటన ఫారం 6లోనే ఉంటుంది. అది తప్పని తెలిసీ దాని కింద సంతకం చేశారంటే, 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 31 దాకా పోతుంది. తప్పుడు ప్రకటనకు ఏడాది వరకు జైలు. నగరి, సత్యవేడు వైపు దీన్ని ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. చెన్నైలో పనిచేస్తూ అక్కడొక ఓటు, సొంతూళ్లో ఒక ఓటు ఉన్నవాళ్లు రెండూ తమ హక్కే అనుకుంటారు. ఒకటే ఉండాలి. ఏ ఊరో వాళ్లే తేల్చుకోవాలి, ఆ మాట మనం వాళ్ల తరఫున చెప్పకూడదు.

చిరునామా రుజువు దగ్గర అద్దె ఇళ్లవాళ్లు ఇరుక్కుంటారు. మన ఊళ్లో పదకొండు నెలల అద్దె ఒప్పందాన్ని స్టాంపు కాగితం మీద రాసుకుని ఊరుకుంటారు. ఫారంతో ఇవ్వాల్సింది రిజిస్టరైన లీజు. అది లేనప్పుడు గ్యాసు, కరెంటు లేదా నీళ్ల బిల్లు, బ్యాంకు పాసుబుక్కు, ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, వీటిలో ఏది ఉందో అడగండి. ఏదీ లేదంటే దరఖాస్తు తీసుకోలేం అని వెనక్కి పంపకండి. బీఎల్‌ఓ, అంటే ఆ పోలింగ్ కేంద్రం జాబితా చూసే బూత్ స్థాయి అధికారి, ఇంటికొచ్చి విచారించి రాయవచ్చు. హాస్టల్ పిల్లలు సొంతూళ్లో ఉంచుకోవాలా, ఇక్కడ పెట్టుకోవాలా అన్నది వాళ్ల ఇష్టం. ఇక్కడ పెట్టుకుంటే విద్యాసంస్థ అధిపతి ఇచ్చే ధ్రువపత్రం జతచేయాలి.

రైల్వే స్టేషన్ బయట, అలిపిరి దారిలో పడుకునేవాళ్ల మాట కూడా చెప్పాలి. ఇల్లు లేనంత మాత్రాన ఓటు పోదు. ఎక్కడ పడుకుంటాడో ఆ చోటే ఆయన చిరునామా. బీఎల్‌ఓ రాత్రిపూట, ఒకటి కంటే ఎక్కువసార్లు, ఆ చోటికి వెళ్లి మనిషి అక్కడే నిద్రపోతున్నాడా అని చూడాలి. అంతకు మించి నివాస పత్రం ఏమీ అడగకూడదు. ఎన్నికల సంఘం సూచనల్లోనే ఇది ఉంది. కానీ రాత్రి తిరగడం ఎవరికీ ఇష్టముండదు కాబట్టి ఇలాంటి దరఖాస్తులు 'చిరునామా దొరకలేదు' అనే ముద్రతో మూలపడతాయి. మీరు ఫారం పెట్టించినప్పుడే పడుకునే చోటు గుర్తులు రాయండి: ఏ దుకాణం అరుగు, ఏ గేటు పక్కన, రాత్రి ఎన్ని గంటలకు ఉంటాడు.

మన తిరుపతికే ప్రత్యేకమైన తికమక ఇంకొకటి ఉంది. తిరుచానూరు తిరుపతికి ఆనుకునే ఉంది, కానీ తిరుపతి రూరల్ మండలం చంద్రగిరి అసెంబ్లీ నియోజకవర్గంలోకి వస్తుంది. చంద్రగిరేమో తిరుపతి జిల్లాలో ఉంటూనే చిత్తూరు లోక్‌సభ స్థానంలో ఉంది. 2021 ఏప్రిల్ 17న తిరుపతి లోక్‌సభకు ఉపఎన్నిక జరిగినప్పుడు ఆ చుట్టుపక్కల వాళ్లకు ఓటు లేదు. ఎవరో తీసేశారని కాదు, అది వాళ్ల స్థానమే కాదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాయి గానీ నియోజకవర్గాల గీతలు మారలేదు. ఎన్నికల సంఘం పోర్టల్‌లో పేరు వెతికేటప్పుడు జిల్లా ఒకటి, నియోజకవర్గం ఒకటి కలిపి తప్పుగా ఎంచుకుంటే 'రికార్డు లేదు' అని వస్తుంది, మనిషి హడలిపోతాడు. ఎపిక్ నంబరుతో, అంటే ఓటరు కార్డు మీదుండే నంబరుతో వెతకండి, పేరుతో కాదు. పేరుతో వెతికితే ఇంటిపేరు ముందా వెనకా, తమిళ పద్ధతిలో తండ్రి పేరు మొదటి అక్షరమా అనే చోటే సగం పూట గడిచిపోతుంది.

ఇక ఫారం 7. జాగ్రత్తగా వినండి.

ఒకరి పేరు చేర్చొద్దని అభ్యంతరం చెప్పడానికి, ఉన్న పేరు తొలగించమని అడగడానికి పెట్టే దరఖాస్తు ఇది. చనిపోయారు, ఊరు వదిలారు, రెండుచోట్ల ఉన్నారు, వయసు చాలదు, పౌరులు కారు, కారణాలు ఇవే. అభ్యంతరం చెప్పే మనిషి అదే నియోజకవర్గపు ఓటరై ఉండాలి, తన ఎపిక్ నంబరు రాయాలి. 2019 ఎన్నికలకు ముందు రాష్ట్రమంతా ఈ ఫారం మీద పెద్ద గొడవ జరిగింది. తాము పెట్టనే లేదన్న మనుషుల పేర్ల మీద దరఖాస్తులు పడ్డాయి, పోలీసు కేసులు కూడా నమోదయ్యాయి. మీరు చేయాల్సింది ఏమిటంటే, వచ్చిన దరఖాస్తుల జాబితాలను ఈఆర్‌ఓ, అంటే నియోజకవర్గపు ఓటర్ల నమోదు అధికారి, బయట పెడతారు. చేర్పులవి ఫారం 9లో, తొలగింపులవి ఫారం 10లో. పెట్టాక ఏడు రోజులు ఆగితేగానీ నిర్ణయం తీసుకోకూడదు. ఆ ఏడు రోజులే మనకున్న అవకాశం. ఫారం 10లో ఒకే పోలింగ్ కేంద్రం నుంచి, ఒకే అభ్యంతరదారు పేరుతో వరసగా పేర్లు కనిపిస్తే ఆ ఇళ్లకు మనిషిని పంపండి. ఆ అభ్యంతరదారు దగ్గరికి కూడా వెళ్లి ఇది మీరు పెట్టినదేనా అని అడగండి. కాదంటే అదే మాట రాసి సంతకం చేసివ్వమనండి. బెదిరించకండి, వాదించకండి.

జాబితాలో ఇప్పటికే ఉన్న పేరు తీయాలంటే నోటీసు ఇవ్వాలి, చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. లాల్ బాబు హుస్సేన్ కేసులో 1995లోనే సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. ఒకసారి ఎక్కిన పేరు సరైన విచారణ తర్వాతే ఎక్కింది అనుకోవాలి. నోటీసు పాత చిరునామాకు పోయి తిరిగొచ్చిందంటే అది 'ఊరు వదిలారు' అనడానికి రుజువైపోతుంది, అదొక విషవలయం. కాబట్టి ఇల్లు మారినవాళ్లు ఫారం 8 ఆలస్యం చేస్తే పేరే పోయే ప్రమాదం ఉందని చెప్పండి.

ఈఆర్‌ఓ నిర్ణయం నచ్చకపోతే పదిహేను రోజుల్లో జిల్లా కలెక్టరు దగ్గర అప్పీలు. అక్కడా కుదరకపోతే ముప్పై రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి దగ్గర రెండో అప్పీలు. అప్పీలు కాగితంతో ఆర్డరు నకలు జతచేయాలి. చాలా కేసుల్లో ఆర్డరు చేతికే ఇవ్వరు, పోర్టల్‌లో 'రిజెక్టెడ్' అన్న ఒక్క మాట ఉంటుంది. అందుకే ఆ రోజే ఆర్డరు నకలు కావాలని రాతపూర్వకంగా అడగండి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నామినేషన్ల ఆఖరు రోజు తర్వాత జాబితాలో ఏ మార్పూ ఉండదు. ఏడు రోజుల నోటీసు కాలం కలుపుకుంటే, ఆ ఆఖరు రోజుకు కనీసం పది రోజుల ముందే దరఖాస్తు పడి ఉండాలి.

మన నడవడి గురించి రెండు మాటలు. బార్ కౌన్సిల్ నియమం 36 మీకు తెలుసు, న్యాయవాది ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ ప్రచారం చేసుకోకూడదు. సహాయ కేంద్రం మీద కార్యాలయం పేరు పెద్దక్షరాల్లో రాసి 'ఎన్నికల కేసుల నిపుణులు' అని బ్యానరు కడితే అది సేవ కాదు, ప్రకటన. బోర్డు మీద 'ఓటరు సహాయ కేంద్రం' చాలు. విజిటింగ్ కార్డులు పంచొద్దు. కేసు వేయాల్సిన మనిషి వస్తే, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, వికలాంగులకు 1987 చట్టం ప్రకారం ఉచిత న్యాయసహాయం ఉంది కాబట్టి జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దారి చూపండి. మన కార్యాలయం ఏ అభ్యర్థికైనా వకాల్తా వేసి ఉంటే ఆ నియోజకవర్గంలో మన బల్ల ఉండదు. ఫారం 7 నింపడంలో మనం ఎవరికీ సాయం చేయం. చట్టం వద్దన్నందుకు కాదు, మన మీద నమ్మకం పోతుందని. దరఖాస్తుల కట్టలు మోసుకుపోవడం కూడా వద్దు. పార్టీల బూత్ ఏజెంట్లకే మామూలుగా రోజుకు పది ఫారాల పరిమితి ఉంది, మొత్తం ముప్పై దాటితే అధికారులే సరిచూడాలి. ఎవరి ఫారం వాళ్లే ఆన్‌లైన్‌లో పెట్టుకునేలా చూడండి, ఓటీపీ వాళ్ల ఫోనుకే రావాలి.

నామినేషన్ల సంగతి వేగంగా చెబుతాను, ఇది మన బల్ల పని కాదు, కానీ స్వతంత్ర అభ్యర్థులు వచ్చి అడుగుతారు. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి ఒక ప్రతిపాదకుడు చాలు, మిగతావాళ్లకు పదిమంది కావాలి, అందరూ ఆ నియోజకవర్గం ఓటర్లే. అసెంబ్లీకి డిపాజిట్ రూ.10,000, లోక్‌సభకు రూ.25,000, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు సగం. వేరే నియోజకవర్గం ఓటరైతే జాబితా నకలు ధ్రువీకరించి తేవాలి. కేసులు, ఆస్తులు ప్రకటించే ఫారం 26 అఫిడవిట్‌లో ఒక్క గడి కూడా ఖాళీ వదలకూడదు, లేకపోతే 'లేదు' అని రాయాలి. ఖాళీ వదిలి, నోటీసు ఇచ్చాక కూడా నింపకపోతే తిరస్కరించవచ్చని 2013లో రిసర్జెన్స్ ఇండియా కేసులో చెప్పారు. అభ్యర్థి ప్రమాణం నామినేషన్ల పరిశీలన తేదీకి ముందే చేయాలి, పరిశీలన రోజు ఉదయం చేస్తానంటే కుదరదు. సరిహద్దు జిల్లా కాబట్టి ఇంకొకటి: తిరుపతి లోక్‌సభ ఎస్సీ రిజర్వుడు. దానికి తమిళనాడు ఎస్సీ వ్యక్తి కూడా పోటీ చేయవచ్చు, దేశంలో ఏదో ఒక లోక్‌సభ స్థానంలో ఓటరైతే చాలు. కానీ సత్యవేడు అసెంబ్లీకి ఆయన పనికిరాడు, అక్కడ ఈ రాష్ట్రపు ఎస్సీయే కావాలి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 4, 5 సెక్షన్లు పక్కపక్కనే ఉన్నా ఈ తేడా చాలామంది గమనించరు.

ఎన్నికల కోడ్ వచ్చాక మీ దగ్గరికి ఎక్కువగా వచ్చేది నగదు గొడవ. 2024లో పోలింగ్ మే 13న. మామిడి కాపు దగ్గరపడే రోజులు, దామలచెరువు మండీలకు, కోతలకు, లారీలకు అంతా చేతి డబ్బే. నగరి, పలమనేరు వైపు సరిహద్దుల్లో తనిఖీ కేంద్రాలు. రూ.50,000 దాటిన నగదుకు కాగితాలు అడుగుతారు. వ్యాపారి దగ్గర ఉండాల్సినవి మూడు: బ్యాంకులో తీసిన డబ్బైతే ఆ స్లిప్పు, మండీ పట్టీ, ఆ రోజు దాకా రాసిన నగదు పుస్తకం పేజీ నకలు. 'అడ్వాన్సు ఇవ్వడానికి పోతున్నా' అని నోటిమాట చెబితే సరిపోదు, ఎవరికో వాళ్ల పేరు, తోట ఊరు రాసిన చీటీ ఉండాలి. డబ్బు తీసుకుంటే రసీదు అడిగి తీసుకోండి, ఎక్కడ అప్పీలు చేసుకోవాలో దానిమీదే ఉండాలి. జిల్లాలో అధికారుల కమిటీ ఒకటి ఉంటుంది. పార్టీకీ అభ్యర్థికీ సంబంధం లేదని, ఎఫ్‌ఐఆర్ లేదని తేలితే విడుదల చేయాలి, పోలింగ్ అయిన ఏడు రోజులకు మించి నానబెట్టకూడదు. రూ.10 లక్షలు దాటితే ఆదాయపు పన్ను శాఖకు కబురు పోతుంది. ఆ విషయం వ్యాపారికి ముందే చెప్పండి, తర్వాత మన మీద పడకుండా.

డబ్బు పంచుతున్నారని వీడియోలు తెచ్చేవాళ్లకు చెప్పాల్సింది వేరే. కోడ్ ఉల్లంఘనకు ఎన్నికల సంఘం ఫిర్యాదుల యాప్ సీ-విజిల్‌లో అప్పటికప్పుడు తీసిన ఫొటో, రెండు నిమిషాల వరకు వీడియో పనికొస్తాయి. ఫోన్లో పాతది ఎక్కిస్తానంటే తీసుకోదు. కోర్టు దాకా పోవాలంటే వాట్సాప్‌లో పదిచేతులు మారిన వీడియో ఎందుకూ కొరగాదు. తీసిన ఫోను కావాలి, తీసిన మనిషి కావాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ధ్రువపత్రం కావాలి. అందులో రెండు భాగాలు: ఒకటి తీసినవాళ్లది, ఇంకొకటి నిపుణుడిది, ఫైలు హాష్ విలువతో సహా, అంటే ఫైలు మారలేదని చూపే సంకేత సంఖ్యతో. అందుకే వీడియో తెచ్చినవాళ్లకు మొదట చెప్పాల్సిన మాట 'ఫోను మార్చొద్దు, ఫార్మాట్ చేయొద్దు' అని.

పోలింగ్ రోజు మనకు గుర్తుండాల్సింది టెండర్డ్ ఓటు. మీ పేరు మీద ఎవరో వేసి పోయారు అంటే తిరిగి ఇంటికి పోకండి. మీరెవరో తేలితే ప్రిసైడింగ్ అధికారి కాగితపు బ్యాలెట్ ఇవ్వాలి, ఫారం 17బిలో సంతకం పెట్టించాలి. ఆ ఓటు ఈవీఎంలో కలవదు, విడిగా కవరులో పోతుంది. పిటిషన్ పడినప్పుడే దాని విలువ. కొద్ది ఓట్ల తేడాతో తేలిన చోట అది ఎంత విలువైందో ఊహించుకోండి.

అభ్యర్థుల ఏజెంట్లకు: పోలింగ్ అయ్యాక ఆ బూత్‌లో పడిన ఓట్ల లెక్క ఉండే ఫారం 17సి నకలు తీసుకోకుండా బూత్ వదలొద్దు. లెక్కింపు దగ్గర ఆ అంకె పట్టుకునే కూర్చోవాలి. రీకౌంటింగ్ అడగాలంటే మొత్తాలు ప్రకటించాక, గెలిచినట్టు ప్రకటించేలోపు, కారణాలతో రాసివ్వాలి. బయటికొచ్చి మీడియాతో చెప్పేలోపు ఆ క్షణం పోతుంది.

పిటిషన్ సంగతి. ఫలితం ప్రకటించిన రోజు నుంచి 45 రోజులు. 2024 జూన్ 4న ఫలితాలొస్తే జులై 19. ఆలస్యాన్ని మన్నించే లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 ఇక్కడ వర్తించదని 1974లోనే తేలింది. తిరుపతిలో తయారైన కాగితం అమరావతిలోని హైకోర్టులో దాఖలు కావాలి, ఆఖరు రోజు రాత్రి బస్సుకు పోదామనుకునేవాళ్లు తిరిగి ఖాళీ చేతులతో వస్తారు. పెట్టాల్సిన హామీ సొమ్ము రూ.2,000 మాత్రమే, కానీ అది కట్టకపోతే పిటిషన్ కొట్టేయాల్సిందే, కోర్టుకు వేరే దారి లేదు. ఎంతమంది ప్రతివాదులో అన్ని నకళ్లు ఇవ్వాలి, ప్రతి నకలు మీద ఇది నిజమైన నకలు అని పిటిషనరే స్వయంగా సంతకం చేయాలి. వకీలు సంతకం చాలదు. నన్నే గెలిచినట్టు ప్రకటించండి అని కూడా అడిగితే పోటీచేసిన అభ్యర్థులందర్నీ చేర్చాలి. అవినీతి ఆరోపణ ఎవరి మీద చేశారో ఆ అభ్యర్థిని తప్పక చేర్చాలి. అలాగని కనిపించిన అధికారినల్లా ప్రతివాదిగా పెట్టకూడదు, నేను మొదట చెప్పిన జ్యోతిబసు కేసు తేల్చింది అసలు అదే. ఈవీఎం మెమరీ పరిశీలన కావాలంటే రెండు, మూడు స్థానాల్లో వచ్చినవాళ్లు ఏడు రోజుల్లో అడగాలి, ప్రతి అసెంబ్లీ పరిధిలో అయిదు శాతం యంత్రాలకే.

పంచాయతీలది వేరే లోకం. అవి రాష్ట్ర ఎన్నికల సంఘం కింద, 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం జరుగుతాయి. సర్పంచి ఎన్నిక మీద పిటిషన్ హైకోర్టులో కాదు, ఆ ప్రాంతపు జూనియర్ సివిల్ జడ్జి దగ్గర, ముప్పై రోజుల్లో. 45 అనుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి పనికిరారనే నిబంధన గురించి ఇంకా అడుగుతూనే ఉంటారు. దాన్ని 2024లో అసెంబ్లీ ఎత్తేసింది.

ఇప్పుడు పని పంచుకుందాం. కుడివైపు వరసల్లో కూర్చున్నవాళ్లు తిరుపతి, శ్రీకాళహస్తి చూస్తారు. ఎడమవైపు వాళ్లకు చంద్రగిరి, సత్యవేడు. సోమవారం ఉదయం పదిగంటలకు ఫారం 10 జాబితా తెరవండి, పోలింగ్ కేంద్రం నంబరు వారీగా విడదీసి సాయంత్రానికి గ్రూపులో పెట్టండి. చంద్రగిరి జాబితా పొడవు ఎక్కువ, దానికి ఇద్దరుండాలి. ఫారాల కట్ట వెనక బల్ల మీద ఉంది, ఒక్కొక్కరు ఇరవై తీసుకోండి. ప్రశ్నలుంటే టీ తాగుతూ అడగండి.